ఉత్తరానికి తల, క్వాంటమ్ సాక్ష్యం

ఉత్తర దిక్కుకు తల పెట్టి పడుకోకూడదని మా నాయనమ్మ చెప్పేది. ఎందుకని అడిగితే, ఉత్తరానికి తల పెట్టి నిద్రపోతున్న ఏనుగు తలనే తెచ్చి వినాయకుడికి అతికించారన్న కథ చెప్పేది. ఆ కథకు సాక్ష్యం కావాలని ఆమె అనుకోలేదు, నేనూ అడగలేదు. మా తరం వచ్చేసరికి ఆ కథ స్థానంలో ఒక ‘శాస్త్రీయ కారణం’ వచ్చి కూర్చుంది. రక్తంలో ఇనుము ఉంది, భూమి పెద్ద అయస్కాంతం, కాబట్టి ఉత్తరానికి తల పెడితే అది రక్తాన్ని మెదడు వైపు లాగుతుందన్నారు. ఇప్పుడు దాని స్థానంలో మరొకటి వచ్చింది. పక్షుల కంటిలో క్వాంటమ్ దిక్సూచి ఉందని జర్మనీలో తేల్చారట. మనిషి మెదడు కూడా అయస్కాంత క్షేత్రాన్ని గుర్తిస్తుందని కాల్‌టెక్‌లో తేల్చారట. కాబట్టి పెద్దల మాటను క్వాంటమ్ భౌతికశాస్త్రం నిరూపించిందట. ఈ వాదాన్ని మెట్టు మెట్టుగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ క్రితం ఒక తెలుగు సభలో రక్తంలోని ఇనుము గురించిన వాదాన్ని నేనే వినిపించి చప్పట్లు అందుకున్నాను. వైద్యుడిగా నాకది తప్పని తెలిసి ఉండవలసింది. మన శరీరంలో మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉన్నమాట నిజమే. కానీ హిమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుము మేకులోని ఇనుములా ప్రవర్తించదు. ఆమ్లజని చేరిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం స్వల్పంగా వికర్షిస్తుందనీ, ఆమ్లజని వదిలినదాన్ని స్వల్పంగా ఆకర్షిస్తుందనీ లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ 1936లోనే చూపించారు. భూమి అయస్కాంత క్షేత్రం బలం సుమారు 50 మైక్రోటెస్లాలు. ఎమ్మారై యంత్రంలో సాధారణంగా ఉండేది 1.5 టెస్లాలు, అంటే దానికి 30,000 రెట్లు. రోజూ ఎందరో రోగులు ఆ యంత్రంలో అరగంటసేపు పడుకుని లేచి వెళుతున్నారు. వారి రక్తం తలలోకి పోటెత్తడం లేదు.

ఇక పక్షుల సంగతి. యూరోపియన్ రాబిన్ అనే చిన్న పిట్ట వలసకాలంలో భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దారి ఎంచుకుంటుంది. 1972లో జర్మనీకి చెందిన విల్ట్‌ష్కో దంపతులు ఒక విచిత్రమైన విషయం బయటపెట్టారు. ఈ పిట్ట దిక్సూచి ఉత్తర ధ్రువాన్నీ దక్షిణ ధ్రువాన్నీ వేరుచేసి గుర్తించదు. క్షేత్రరేఖలు నేలవైపు ఎంత వాలి ఉన్నాయో మాత్రమే చూసుకుని, ఇటు ధ్రువం, అటు భూమధ్యరేఖ అని తెలుసుకుంటుంది. ఇది ఎలా సాధ్యమో 1978లో క్లాస్ షుల్టెన్ బృందం ఊహించింది. కొన్ని రసాయనిక చర్యల్లో ఒక ఎలక్ట్రాన్ తన చోటు విడిచి మరోచోటికి దూకుతుంది. అప్పుడు జతవీడిన రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు రెండు స్థితుల మధ్య ఊగిసలాడతాయి. బలహీనమైన క్షేత్రం కూడా ఆ ఊగిసలాటను మార్చి, చివరకు ఏ రసాయనం ఎంత తయారవుతుందో ప్రభావితం చేయగలదు. పిట్ట కంటిలో వెలుగు సోకినప్పుడు క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్‌లో ఇదే జరగవచ్చని 2000లో థోర్‌స్టెన్ రిట్జ్, షుల్టెన్ తదితరులు ప్రతిపాదించారు. 2021లో ఓల్డెన్‌బర్గ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు రాబిన్ క్రిప్టోక్రోమ్ నిజంగానే అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని చూపించారు. అయితే అది ప్రయోగశాలలో విడిగా తీసిన ప్రోటీన్‌లో, భూమి క్షేత్రం కంటే ఎన్నో రెట్లు బలమైన క్షేత్రంలో కనిపించిన ఫలితం. దాన్ని పిట్ట కంటిలో చూపించడం ఇంకా మిగిలే ఉంది.

ఈ పరిశోధనల్లో పర్యావరణానికి సంబంధించిన భాగం మన పత్రికల్లో మరింత వక్రీకరణకు గురైంది. ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెక్క గదుల్లో రాబిన్‌లు దిక్కు తెలియక తికమకపడేవి. గదికి అల్యూమినియం రేకులు తొడిగి, భూమికి కలిపితే దిక్కు పట్టేవి. ఊరికి దూరంగా తీసుకెళితే రేకులు లేకుండానే పట్టేవి. కారణం 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ వరకు విద్యుత్ పరికరాలు, ఏఎమ్ రేడియో వంటివి వెదజల్లే రొద అని 2014లో ప్రకటించారు. సెల్‌ఫోన్లు వాడే పౌనఃపున్యాలు దీనికి ఎంతో పైన ఉంటాయి. అయినా ఈ ఫలితం మనవాళ్ళ చేతిలో ‘సెల్ టవర్లు పక్షులను చంపుతున్నాయి’ అన్న మాటకు రుజువైపోయింది. 2018లో వచ్చిన 2.0 సినిమా ఆ మాటను ఇంటింటికీ చేర్చింది కూడా. మనుషుల భద్రతకు విధించిన పరిమితుల కంటే ఎంతో తక్కువ స్థాయి రొద ఒక పిట్టను దారి తప్పించగలదన్న అసలు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

మనిషి విషయంలో చరిత్ర ఇంత సాఫీగా లేదు. కళ్ళకు గంతలు కట్టి దూరం తీసుకెళ్ళినా విద్యార్థులు తాము బయలుదేరిన చోటు ఏ దిక్కున ఉందో చెప్పగలుగుతున్నారని, తలకు అయస్కాంతం కడితే తడబడుతున్నారని 1980లో మాంచెస్టర్‌కు చెందిన రాబిన్ బేకర్ ప్రకటించాడు. మరుసటి ఏడాదే అమెరికాలో గూల్డ్, ఏబుల్ అదే ప్రయత్నం చేసి ఆ ఫలితం రాలేదని రాశారు. ఆ తరువాత 2019లో కాల్‌టెక్‌లో జోసెఫ్ కిర్ష్‌వింక్ బృందం 34 మందిని చీకటి గదిలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న క్షేత్రాన్ని తిప్పి చూసింది. కొందరిలో మెదడు ఆల్ఫా తరంగాలు ఒక్క క్షణం తగ్గాయి. వారికి మాత్రం ఏమీ అనిపించలేదు.

కొత్త వాదం పట్టుతప్పేది ఇక్కడే. కాల్‌టెక్‌లో కనిపించిన స్పందన ధ్రువాలను వేరుచేసి గుర్తించేది. కాబట్టి అది పక్షుల్లో ఊహించిన క్వాంటమ్ దిక్సూచి కాజాలదని ఆ పరిశోధకులే స్పష్టంగా రాశారు. వారి అనుమానం మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువుల మీద. అంటే క్వాంటమ్ దిక్సూచికి ఉత్తరమేదో దక్షిణమేదో తెలియదు. ఆ తేడా తెలిసిన స్పందన క్వాంటమ్ దిక్సూచిది కాదు. ఈ ఇద్దరు సాక్షులనూ ఒకే పక్షాన నిలబెట్టి గెలవడం కుదరదు. పైగా కాల్‌టెక్ వారు చూసింది క్షేత్రం మారినప్పుడు కలిగిన క్షణికమైన స్పందనను. రాత్రంతా ఒకే దిక్కున కదలకుండా పడుకున్న మనిషి గురించి అది ఏమీ చెప్పదు.

ఆ జ్ఞానం మనలో ఉన్నా, నడకలో అది అక్కరకు వస్తున్న జాడ లేదు. 2009లో జర్మనీకి చెందిన యాన్ సౌమన్ బృందం కొందరిని అడవిలోనూ సహారా ఎడారిలోనూ తిన్నగా నడవమంది. సూర్యుడు కనిపించినప్పుడు దాదాపు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టిన రోజున అడవిలో నడిచినవారు, తిన్నగానే వెళుతున్నామనుకుంటూ గుండ్రంగా తిరిగారు. కళ్ళకు గంతలు కట్టినప్పుడు ఒక్కోసారి 20 మీటర్ల వ్యాసం గల వలయాల్లో తిరిగారు. లోపల నమ్మదగిన దిక్సూచి ఉన్నవారు అలా తిరగరు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. నాకు తెలిసిన ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చి కుడి వైపు చచ్చుబడింది. మంచం ఎడమ వైపు నుంచి, బలమున్న కాలు ముందు నేలకు ఆనించి లేవడం నెలల తరబడి సాధన చేశాడు. క్వాంటమ్ వ్యాసం చదివిన కొడుకు తండ్రి మేలు కోరే మంచం తిప్పాడు. ఆయన ఎడమ వైపు గోడ వచ్చింది. మూడో రాత్రి ఆయన కుడి వైపు నుంచి లేవబోయి పడిపోయాడు. తుంటి విరగలేదు గానీ, ఒంటరిగా లేచే ధైర్యం విరిగింది. మంచం మళ్ళీ మొదటిలా వేయమని చెప్పాను. “కానీ డాక్టరుగారూ, అది క్వాంటమ్ ఫిజిక్స్ అని రాశారండీ” అన్నాడు ఆ అబ్బాయి. అతను చదువుకున్నవాడే. నాయనమ్మ కథ ఒక్కటే అయితే తండ్రి కాలికీ ఆచారానికీ మధ్య ఏది ముఖ్యమో తానే తేల్చుకునేవాడు. శాస్త్రం అన్న మాట తగిలించాక ఆ విచక్షణకు తావు లేకపోయింది.

బేకర్ చెప్పినదాన్ని ఏడాదిలోపే పరీక్షకు పెట్టారు. కిర్ష్‌వింక్ బృందం తమ ఫలితం దేన్ని తోసిపుచ్చుతుందో తామే రాసింది. మన వ్యాసకర్తలు ఆ పరిశోధనల నుంచి ముగింపు వాక్యాన్ని మాత్రమే తెచ్చుకుంటున్నారు. ఉత్తరానికి తల పెట్టకూడదన్నది మన ఇంటి ఆచారం. పాటించదలచినవారు ఆచారంగానే పాటించవచ్చు, దానికి రాబిన్ పిట్ట సాక్ష్యం అవసరం లేదు. సభలో నేను చెప్పిన మాట విని చప్పట్లు కొట్టినవారిలో ఎవరైనా దీన్ని చదివితే, ఆ మాట తప్పని ఇప్పటికైనా గుర్తించమని మనవి.