రసమట్టం పనికిరాని వంటగది

ఇంగ్లండ్ కాలువల మీద తిరిగే నారోబోటు వెడల్పు సుమారు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు 70 అడుగుల దాకా ఉండొచ్చు. ఈ కొలత పడవ కట్టేవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్నది కాదు. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు ఏడడుగుల వెడల్పు లాకులు ఖాయం చేశాడు. వాటిలో పట్టాలంటే పడవ సన్నగా ఉండక తప్పదు. ఉక్కు రేకు, దాని లోపల చలి ఆపే పొర, ఆపైన ప్లైవుడ్ గోడ పోగా మనిషి మసలడానికి మిగిలేది ఆరడుగులే. వంటా అందులోనే, రాకపోకలూ అందులోనే.

అక్కడి ఇళ్లలో వంటగట్టు వెడల్పు మామూలుగా 60 సెంటీమీటర్లు. రెండు పక్కలా అదే పెడితే నడవడానికి రెండడుగులు మిగులుతుంది. ముందు నుంచి వెనక్కి వెళ్లాలంటే పడవలో అదొక్కటే దారి. అందుకే ఒక పక్క గట్టును పది సెంటీమీటర్లు తగ్గించేవాళ్లున్నారు. ఆ పనే సబబు. గిన్నె కాస్త ఇరుకులో కడుక్కోవచ్చు గానీ, పొయ్యి మీద నూనె మరుగుతుంటే పక్కనుంచి ఒరుసుకుంటూ పోవడం ప్రమాదం.

అసలు కష్టం కొలతల్లో ఉంది. నీళ్ల మీద పడవ నిలకడగా ఉండదు. ముందు భాగంలోని నీళ్ల ట్యాంకు నిండితే ముక్కు దిగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ లేస్తుంది. ఒక పక్కకు ఇద్దరు జరిగితే అటు ఒరుగుతుంది. అలాంటి చోట రసమట్టంలో బుడగను నమ్మి గట్టు నిలబెట్టడం దండగ. తెలిసిన వడ్రంగి పడవ నేలనే ప్రమాణంగా తీసుకుంటాడు. నేల నుంచి టేపుతో ఎత్తు కొలుస్తాడు, మూలమట్టంతో మూలలు చూస్తాడు.

గోడ మాత్రం మూలమట్టానికీ లొంగదు. అంచు పైనుంచి పడవ పక్కలు లోపలికి వాలి ఉంటాయి. పట్టీల మీద కొట్టిన ప్లైవుడ్ ఒకచోట ఉబ్బి, ఒకచోట లోపలికి పోయి ఉంటుంది. తిన్నగా కోసిన పలకను ఆనిస్తే ఒక కొస తగులుతుంది, రెండో కొసన వేలు దూరేంత సందు కనబడుతుంది. దానికి మందు అట్ట. పలచని ప్లైవుడ్‌నో అట్టనో గోడకు దగ్గరగా కదలకుండా పెట్టి, చిన్న చెక్కముక్కను గోడకు ఆనించి జరుపుతూ, దాని వెంట పెన్సిల్‌తో గీత లాగాలి. గోడలోని వంకరంతా అట్ట మీదికి దిగుతుంది. గీత వెంట కోసి, ఆనించి చూసి, తగిలినచోట చిత్రిక పట్టి మళ్లీ ఆనించాలి. అట్ట అతికినట్టు కూర్చున్నాకే అసలు పలక మీద రంపం పెట్టాలి. ఈ ఓపిక లేనివాళ్లు సందును సిలికాన్‌తో పూడుస్తారు. సన్నని గీతకు సిలికాన్ సరిపోతుంది. పెద్ద సందులో నింపితే పడవ కదలికలకు వదులై, నీళ్లు గట్టు వెనక్కి చేరతాయి. సింకు కోసం కోసిన అంచుకు వార్నిష్ పూయడం మరిచిపోయినా అంతే, పలక పొట్టుచెక్కదైతే తడి పీల్చి ఉబ్బిపోతుంది.

సరుకు మోసిన పాత పడవల్లో ఈ గొడవ లేదు. కుటుంబమంతా వెనకనున్న పదడుగుల గదిలోనే కాపురముండేది. అల్మరా తలుపు కిందికి వాలిస్తే అదే బల్ల. ఎల్.టి.సి. రోల్ట్ 1939లో ‘క్రెస్సీ’ అనే పడవను ఇల్లుగా చేసుకుని, ఆ బతుకు గురించి రాసిన ‘నారో బోట్’ 1944లో వచ్చాక కాలువలంటే కొత్తవాళ్లకు మోజు పెరిగింది. ఇప్పటి పడవవాసులకు ఫ్రిజ్, ఓవెన్, పొడవాటి గట్టు అన్నీ కావాలి.

కొందరికి గ్రానైట్ కూడా కావాలి. మన చీమకుర్తి నల్లరాయి దేశదేశాల వంటిళ్లలో గట్టుగా పరుచుకుంది. ఇంటికి దానంత దిట్టమైనది లేదు. అయితే 20 మిల్లీమీటర్ల పలకే చదరపు మీటరుకు 50 కిలోలు దాటుతుంది. ఒక పక్క అంత బరువు పెడితే, పడవ ఒరగకుండా నేల కింద బరువుకు పేర్చిన ఇటుకలో ఉక్కు దిమ్మెలో రెండో పక్కకు సర్దాలి. నారోబోటుకు నూనె పట్టించిన ఓకు, బీచు చెక్కే మేలు. చిత్రికకు లొంగేది కూడా అదే.

ఒక్క జాగ్రత్త. మూడు మీటర్ల పలక కొనే ముందు పడవ తలుపు కొలుచుకోండి. ముందు తలుపులోంచి తిన్నగా వెళ్లాల్సిందే, లోపల తిప్పుకునే చోటుండదు. అడ్డగోడలు లేవకముందే పలకను లోపలికి చేర్చుకోండి.