ఆర్ఎస్ఏ పనితనం: 1919తో ఒక పరిచయం

1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. క్రిప్టోగ్రఫీ నేర్చుకునేవాళ్లకు ఆ సంవత్సరం కలిసొచ్చిన సంఖ్య. 1919ని 19తో భాగిస్తే 101 వస్తుంది, ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. అందుకే రహస్య సందేశాలు పంపే ఆర్ఎస్ఏ పద్ధతి మొత్తాన్నీ ఈ ఒక్క సంఖ్యతో, కాగితం మీద చేసి చూడొచ్చు. సైబర్ సెక్యూరిటీలో ఉద్యోగం చేయాలనుకునే జంషెడ్‌పూర్ ప్రాంతపు కదమా, బిష్టుపూర్, ఆదిత్యపూర్ తెలుగు పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఏ కోర్సులో చేరాలన్న చర్చ తర్వాత, ముందు ఈ లెక్క చేత్తో చేయండి.

రహస్యం పంపాలంటే ఇద్దరి దగ్గరా ఒకే కీ ఉండాలన్నది తరతరాల పద్ధతి. మరి ఆ కీని దొంగల కంట పడకుండా అవతలివాళ్లకు చేర్చేదెలా? కీని రెండుగా చేసి, ఒకటి అందరికీ చెప్పేయొచ్చని 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రతిపాదించారు. ఆ మరుసటి ఏడే ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ దాన్ని ఆర్ఎస్ఏగా అంకెల్లో కట్టి చూపించారు. బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే ఇదే దారి కనుక్కున్నా, ఆ సంగతి 1997 దాకా బయటికి రాలేదు.

ఇక లెక్క. 19, 101లలో ఒక్కొక్కటి తగ్గించి గుణిస్తే, 18 వందలు 1800. ఇది ఎవరికీ చెప్పకూడదు. 1800తో ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్య ఒకటి కావాలి, 7 తీసుకుందాం. 1919, 7 కలిసి మీ పబ్లిక్ కీ. దాన్ని సాక్చి గోల్‌చక్కర్ దగ్గర బోర్డు మీద రాసిపెట్టినా ఫర్వాలేదు. మీకు 5 అనే సందేశం పంపాలనుకున్నవాళ్లు 5కు 7వ ఘాతం కడతారు. 78125 వస్తుంది. దాన్ని 1919తో భాగిస్తే మిగిలే శేషం 1365. ఆ శేషాన్నే పంపుతారు.

విప్పడానికి ప్రైవేట్ కీ కావాలి. 7తో గుణించి 1800తో భాగిస్తే 1 మిగిలే సంఖ్య అది. 1800లో 7 ఏకంగా 257 సార్లు పోయి 1 మిగులుతుంది. కనుక 1800లోంచి 257 తీసేస్తే 1543, అదే మీ కీ. సరిచూసుకోండి: 1543ను 7తో గుణిస్తే 10801, అంటే ఆరు 1800లు, పైన ఒకటి. శేషాలను వెనక్కి నడిపి జవాబు రాబట్టే ఈ పద్ధతి 499 నాటి ఆర్యభటీయంలో ఉంది. తర్వాతివాళ్లు దాన్ని కుట్టకం అన్నారు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలోనూ అది ఉంది. పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే.

ఇప్పుడు 1365కు 1543వ ఘాతం కట్టాలి. చూడగానే గుండె జారే పని. కానీ 1543 అంటే 1024, 512, 4, 2, 1 కలిపితే వచ్చేదే. 1365ను వర్గం చేస్తే 18,63,225. 1919తో భాగించి శేషం 1795 మాత్రం ఉంచుకుంటాం. దాన్ని మళ్లీ వర్గం చేస్తాం, మళ్లీ శేషం. ఇలా పది వర్గాలు, నాలుగు గుణకారాలతో పని పూర్తయి 5 తిరిగొస్తుంది. ఏ మెట్టులోనూ చేతిలో మిగిలే సంఖ్య నాలుగంకెలు దాటదు. అంత పెద్ద ఘాతాన్ని ఇంత పొదుపుగా కట్టగలగడం వల్లే ఆర్ఎస్ఏ సిద్ధాంతంగా మిగిలిపోకుండా రోజువారీ వాడకంలోకి వచ్చింది.

1919ని ఎవరైనా నిమిషంలో విడగొట్టి 1800 పట్టేస్తారు. అసలు వాడకంలో ఉండే 2048 బిట్ల సంఖ్యకు 617 అంకెలుంటాయి. రెండు ప్రధాన సంఖ్యలను గుణించడం కంప్యూటర్‌కు చిటికెలో పని, లబ్ధాన్ని విడగొట్టడం మాత్రం మహా కష్టం. 2020లో 250 అంకెల సంఖ్యను విడగొట్టడానికి అయిన శ్రమను ఒకే ప్రాసెసర్ కోర్ మీద పెడితే దాదాపు 2700 ఏళ్లు పట్టేది. అయితే, విడగొట్టడానికి సులువైన దారి లేనే లేదని ఎవరూ నిరూపించలేదు. యాభై ఏళ్లుగా మేధావులు వెతికినా దొరకలేదన్నదే మన ధైర్యం.

చేత్తో చేస్తే లోపం కూడా కనిపిస్తుంది. 5 ఎన్నిసార్లు పంపినా 1365 అనే వస్తుంది. పబ్లిక్ కీ అందరికీ తెలుసు కదా, దారిలో 1365ను చూసినవాడు 1, 2, 3, 4, 5 వరసగా కట్టి చూస్తే అయిదో ప్రయత్నానికి దొరికిపోతుంది. ఆరంకెల ఓటీపీ అయినా అంతే. సంఖ్య 617 అంకెలదైనా, కట్టి చూడాల్సినవి పది లక్షలే. అందుకే సందేశానికి ప్రతిసారీ యాదృచ్ఛికమైన అంకెలు కలిపి పంపుతారు. బెల్లారే, రోగవే 1994లో రూపొందించిన ఓఏఈపీ ఆ పనే చేస్తుంది. పుస్తకంలోని సూత్రానికీ, బ్యాంకు నమ్మి వాడే పద్ధతికీ మధ్య తేడా ఇక్కడుంది. సెక్యూరిటీ ఉద్యోగంలో మీ కంటికి పట్టుబడాల్సింది ఈ తేడాయే.

ఈ లెక్కకు ఓ హద్దు కూడా ఉంది. మన జార్ఖండ్‌లోని జామ్‌తాడా పేరు దేశమంతా మోగింది కీలు విరగ్గొట్టినందుకు కాదు, ఫోన్లో మాటలతో ఓటీపీలు చెప్పించుకున్నందుకు. మనిషి నోటితో చెప్పేసిన రహస్యాన్ని ఏ గణితమూ కాపాడలేదు. ఆ హద్దు ఎక్కడుందో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే 617 అంకెలనూ విడగొట్టొచ్చని పీటర్ షోర్ 1994లోనే చూపించారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో దానికి తట్టుకునే కొత్త ప్రమాణాలు ప్రకటించింది. రాబోయే ఏళ్లలో ఎన్నో సర్వర్లలో పాత కీలు తీసి కొత్తవి పెట్టాలి. పాతది ఏ లెక్క మీద నిలబడిందో, ఎందుకు చాలదో తెలిసినవాళ్లే ఆ మార్పు తప్పుల్లేకుండా చేయగలరు. మీ చదువు ఆ లెక్కతో మొదలుపెట్టండి.