స్టాంపుతోపాటు కవరూ చరిత్రే

పందొమ్మిదో శతాబ్దపు తపాలా సేకరణలో ప్రధానంగా రెండు ఉంటాయి: స్టాంపు, అది అంటుకుని ప్రయాణం చేసిన కవరు. ఉత్తరానికి ఎంత చెల్లించారో స్టాంపు చెబుతుంది. అది ఎక్కడ బయల్దేరింది, ఏ దారిన వెళ్లింది, ఎన్ని రోజులకు చేరింది అన్నవి కవరు చెబుతుంది. ఆ రోజుల్లో చాలా ఉత్తరాలకు విడిగా కవరు ఉండేది కాదు. రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో సీలు వేసి, పైన చిరునామా రాసేవారు. సేకర్తలు వాటినీ కవర్లనే పిలుస్తారు.

స్టాంపులు రాకముందు తపాలా రుసుము దూరాన్ని బట్టి పెరిగేది. 1774లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో తపాలాను సామాన్య జనానికి తెరిచినప్పుడు 100 మైళ్లకు 2 అణాలు ధర పెట్టాడు. 1786లో మద్రాసులో జనరల్ పోస్టాఫీసు ఏర్పడింది. 1837 నాటి చట్టం తపాలాను ప్రభుత్వ గుత్తాధిపత్యం చేసింది. ఈ కాలపు ఉత్తరాలమీద స్టాంపు ఉండదు. సొమ్ము ముందే కట్టారా, అందుకున్నవారు కట్టాలా అన్నది చేతిముద్రలు, చేతిరాతలే తెలుపుతాయి. కవరు మూలన గుమాస్తా గీసిన అణాల అంకె కూడా నేటి పరిశోధకుడికి సాక్ష్యమే.

1840 మేలో బ్రిటన్ పెన్నీ బ్లాక్‌ను విడుదల చేసింది. ఆసియాలో మొదటి అంటించే స్టాంపు 1852 జులై 1న సింధులో వచ్చింది. అక్కడి కమిషనర్ బార్టిల్ ఫ్రియర్ టపా మోసే బంట్ల స్థానంలో గుర్రాలను, ఒంటెలను పెట్టి, అరణా స్టాంపు తెచ్చాడు. సింధ్ డాక్ అనే ఈ గుండ్రటి స్టాంపు మధ్యలో ఈస్టిండియా కంపెనీ వర్తక చిహ్నం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఇందులో మూడు రకాలు: ఎరుపు, తెలుపు, నీలం. ఎర్రది లక్క బిళ్ల కావడంతో తేలిగ్గా పగిలిపోయేది. చెక్కుచెదరని ఎర్ర సింధ్ డాక్ అరుదుగా దొరకడానికి కారణం ఇదే.

1854 అక్టోబర్ 1న దేశమంతటికీ ఒకే పద్ధతి అమల్లోకి వచ్చింది. దూరంతో పని లేకుండా బరువును బట్టే ధర. పావు తులం దాకా, అంటే 3 గ్రాములకు కాస్త తక్కువ బరువుకు అరణా. అర తులానికి అణా. తులానికి 2 అణాలు. ముందుగా చెల్లించకపోతే రెట్టింపు వసూలు చేసేవారు. మద్రాసు నుంచి గంజాం వెళ్లినా, పెషావర్ వెళ్లినా తేలికపాటి ఉత్తరానికి అరణాయే. ఉత్తరం రాయడం మామూలు జనానికి అందుబాటులోకి రావడంలో ఈ ఒక్క నిర్ణయానిది పెద్ద పాత్ర.

ఈ కొత్త పద్ధతికి కావలసిన స్టాంపులు కలకత్తాలోనే తయారయ్యాయి. అరణా నీలం, అణా ఎరుపు, 4 అణాల స్టాంపులను సర్వేయర్ జనరల్ కార్యాలయంలో కెప్టెన్ హెన్రీ తుయిలియర్ పర్యవేక్షణలో రాతి అచ్చుమీద ముద్రించారు. 2 అణాల ఆకుపచ్చ స్టాంపును టంకశాలలో అచ్చువేశారు. 4 అణాల స్టాంపుకు రెండు రంగులు: చట్రం ఎరుపు, విక్టోరియా రాణి తల నీలం. షీటును రెండుసార్లు అచ్చుయంత్రానికి ఎక్కించాలి. ఒకసారి షీటు తిరగబడి పడటంతో తల తలకిందులైన స్టాంపులు పుట్టాయి. ప్రపంచంలోని అతి విలువైన ముద్రణ తప్పుల్లో ఇదొకటి. ఈ స్టాంపులకు అంచు రంధ్రాలు లేవు, కత్తెరతోనే విడదీయాలి. చాలామంది 4 అణాల స్టాంపును చట్రం వెంబడి ఎనిమిది మూలలుగా కత్తిరించేశారు. నాలుగు వైపులా ఖాళీ అంచుతో, నలుచదరంగా మిగిలినదానికి విలువ ఎన్నో రెట్లు.

1855 నుంచి లండన్‌లోని డి లా ర్యూ సంస్థ ముద్రణ మొదలైంది. 1865లో కాగితంలో ఏనుగు తల నీటిగుర్తు వచ్చింది. 1879లో కాలణా పోస్టుకార్డు వచ్చింది. 1882 స్టాంపుల నుంచి ఈస్టిండియా అన్న పేరు పోయి ఇండియా మిగిలింది.

హైదరాబాద్ సంస్థానం 1869లో సొంత స్టాంపు తెచ్చింది. 1871లో అరణా నుంచి 12 అణాల దాకా వరుసగా విడుదలయ్యాయి. వాటిమీద ఇతర లిపులతోపాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయి. ఈ స్టాంపులు నిజాం రాజ్యంలోనే చెల్లేవి. పొలిమేర దాటే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. రెండు ప్రభుత్వాల స్టాంపులూ పక్కపక్కన ఉన్న కవరు ఒకే నేలమీద రెండు తపాలాలు నడిచిన తీరుకు ప్రత్యక్ష ఆధారం. 1950లో సంస్థానపు తపాలా దేశ తపాలాలో కలిసిపోయింది.

కవరును చదవడం ఒక విద్య. ముందుగా స్టాంపు విలువ, దాన్నిబట్టి బరువు తేల్చాలి. తర్వాత స్టాంపును రద్దుచేసిన ముద్ర చూడాలి. 1850ల నాటి రద్దు ముద్రల్లో చాలావాటికి ఊరి పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకె ఏ పోస్టాఫీసుదో జాబితాలతో సరిచూడాలి. వెనకవైపున మధ్య మజిలీల ముద్రలు, చేరిన ఊరి తేదీ ఉంటాయి. ఇంగ్లండు వెళ్లే ఉత్తరమైతే మార్సెయిల్స్ మీదుగానా, సౌతాంప్టన్ మీదుగానా అన్నది రాసి ఉంటుంది. మొదటిది త్వరగా చేరేది, ఖర్చు ఎక్కువ. సూయజ్ కాలువ 1869లో తెరవకముందు ఈ టపా ఈజిప్టును నేలమీదుగా దాటేది.

విలువ ఉన్నచోట మోసమూ ఉంటుంది. 1854 స్టాంపులకు 1890లలో ప్రభుత్వమే పునర్ముద్రణలు వేసింది. వాటిని అసలువిగా అమ్మేవారున్నారు. స్టాంపు లేని పాత ఉత్తరానికి తర్వాత స్టాంపు అతికించడం మరో పద్ధతి. ముద్ర సిరా స్టాంపు మీద మొదలై కవరు మీదికి తెగకుండా సాగిందా, ధర ఆ తేదీ నాటి రేటుకు సరిపోతుందా అన్నవి మొదటి పరీక్షలు. ఖరీదైనదానికి నిపుణుల ధ్రువపత్రం తప్పనిసరి.

భద్రపరచడానికి ఆమ్లం లేని కాగితం, పొడి గాలి, చీకటి చాలు. సెలోటేప్, పీవీసీ తొడుగులు, చేతి చెమట కవరుకు శత్రువులు. అన్నిటికన్నా పెద్ద నష్టం స్టాంపును నీళ్లలో నానబెట్టి ఊడదీయడం. ఊడదీసిన స్టాంపును తిరిగి దాని ప్రయాణంతో కలపడం ఎవరివల్లా కాదు. ఇంట్లో తాతముత్తాతల ఉత్తరాలు బయటపడితే కత్తెర పట్టకండి, నీళ్లలో వేయకండి, లోపలి కాగితాన్ని వేరుచేయకండి. ఉన్నది ఉన్నట్టుగా దాచి, తెలిసినవారికి చూపించండి.