ఒడిసెల గురి
కంకి పాలు పోసుకునే వేళకు మంచె మీద మనిషి ఉండాలి. వరంగల్ పల్లెల్లో జొన్న, మక్క చేన్లకు కావలి కాసినవాళ్ల పనితనమంతా ఒడిసెలలో ఉంది. జనపనారతో పేనిన రెండు తాళ్లు, నడుమ రాయి కూర్చునే అల్లిక. ఒక కొస వేలికి తగిలించి, రెండోది గుప్పిట పట్టి, నెత్తి మీద గిర్రున తిప్పి ఆ కొస వదలాలి. రెప్పపాటు ముందైనా, ఆలస్యమైనా రాయి దారి తప్పుతుంది. గురి అంతా మణికట్టుదే.

రాయి ఏరడమూ విద్యే. వాగులో అరిగిన గుండ్రాయి తిన్నగా పోతుంది, పలకరాయి పక్కకు తిరుగుతుంది. చిలుకలను, ఉడతలను బెదరగొట్టి, ప్రాణం తీయకుండానే పంట దక్కించుకునే కావలివాడి నేర్పు నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటంలో జనగామ పల్లెజనం నిజాం పక్షపు రజాకార్లపై ఎత్తిందీ ఈ ఒడిసెలనే.