ఆ 'పలువురు' ఎవరు?

హైస్కూలు పిల్లలకు వార్త రాయడం నేర్పబోతే ఎదురయ్యే చిక్కు వాళ్లకు రాయడం రాకపోవడం కాదు, అప్పటికే వచ్చేసి ఉండటం. బడి దగ్గర బోరింగు పాడైందని రాయమంటే తొమ్మిదో తరగతి కుర్రాడు తడుముకోకుండా అందుకుంటాడు: 'విద్యార్థులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు. ఇప్పటికైనా సంబంధిత అధికారులు స్పందించి తగు చర్యలు తీసుకోవాలని పలువురు కోరుతున్నారు.' ఉన్నపళంగా జిల్లా పేజీలో వేసేయొచ్చు. పాడై ఎన్నాళ్లయింది, బాగుచేయించాల్సింది ఎవరు, ఆ పలువురు ఎవరు అంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. వాణ్ణేమనను? రోజూ పేపర్లో చదివేదే రాశాడు.

అందుకే ఇంట్రో, తలకిందుల పిరమిడ్ వగైరాలను చివరికి నెట్టేసి ముందు అడగడం నేర్పుతాను. అవనిగడ్డ వైపు బడిలో దానికి వేరే పాఠం వెతుక్కోనక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లు ఇళ్లలో ఇంకా ఉన్నారు. పాలకాయతిప్ప, సొర్లగొంది వైపు ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. రోడ్లు మునిగి, ఫోను తీగలు తెగి ఆ కబురు బయటి లోకానికి చేరడమే ఆలస్యమైంది.

పిల్లలకు పెట్టిన షరతు ఒక్కటే: 'మీకెలా అనిపించింది?' అని అడక్కూడదు. టీవీ మైకులు అలవాటు చేసిన ప్రశ్న అది. 'ఏం చెప్పమంటావు నాయనా' తప్ప జవాబు రాదు. ఒకమ్మాయి వాళ్ల మామ్మను 'తెల్లారాక ఏం తాగారు?' అని అడిగింది. 'ఏం తాగుతామే, బావులన్నీ ఉప్పయిపోయినై. పడిపోయిన చెట్ల కొబ్బరికాయలు కొట్టుకుని తాగాం' అందట ఆవిడ. ఆ పిల్ల అరపేజీ రాసింది. 'భయానకం' అన్న మాట ఎక్కడా లేదు, అవసరమూ పడలేదు. మామ్మ కళ్లొత్తుకుంటే పెన్ను పక్కన పెట్టాలనీ, రాసింది ఆవిడకు చదివి వినిపించాలనీ చెప్పాను. ఈ రెండోదానికి నా తోటి విలేకరులు చాలామంది ఒప్పుకోరు. పిల్లల దగ్గర మాత్రం నేను పట్టుబడతాను.

ఇంకొకడు '1977లో మా మండలంలో' అని మొదలెట్టాడు. అప్పుడు మండలాలెక్కడివిరా, వచ్చింది 1985లో కదా అంటే నమ్మలేదు. మర్నాడు వాళ్ల తాతయ్య ట్రంకుపెట్టెలోని పాత దస్తావేజు పట్టుకొచ్చాడు. అందులో దివి తాలూకా అని ఉంది. నా మాట నమ్మకుండా కాగితం వెతికాడే, నాకు ముచ్చటేసింది.

అసలు గొడవ చనిపోయినవారి లెక్క దగ్గర వచ్చింది. ఒకచోట పదివేలు, ఇంకోచోట పద్నాలుగు వేల పైచిలుకు, తాతయ్యల నోట అంతకు ఎన్నో రెట్లు. 'ఏది రాయమంటారు సార్?' మూడూ రాయండి, ఎవరి లెక్క ఏదో పక్కనే చెప్పండి అన్నాను. అది వాళ్లకు ఆనలేదు. కనీసం మన ఊరి లెక్కయినా తేలుద్దామని ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకోవడం మొదలెట్టారు. ఇంటిల్లిపాదీ పోయినచోట ఎవరినడగాలన్నది ఇప్పుడు తగువు. పాత ఓటర్ల జాబితా చూద్దామన్నాడొకడు. అందులో పిల్లలుండరు కదా అంది వెనక బెంచీ. అయితే బడి అడ్మిషన్ రిజిస్టరు చూడాలి, అది హెడ్మాస్టారి బీరువాలో ఉంటుంది అని ముగ్గురు తాళం అడగడానికి వెళ్లారు.