వాలుగ కోసం జాగారం

పులస పేరెత్తితే హైదరాబాదు దాకా చెవులు నిక్కబొడుచుకుంటాయి. వేలం పాటలు, టీవీ కెమెరాలు, ఎవరు ఎంతకు కొన్నారన్న కబుర్లు. వాలుగకు ఆ వైభోగం లేదు. అయితే పులస డబ్బున్నవాడికి దొరుకుతుంది. గాలానికి పడే వాలుగ కోసం ఇంటిల్లిపాదీ రాత్రంతా మేలుకోవాలి.

రాజోలు, కొత్తపేట, అమలాపురం చుట్టుపక్కల కాలవగట్ల మీద ఈ జాగారం తరాలుగా సాగుతోంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి కాటన్ దొర చేలకు నీళ్లిచ్చాడని అందరూ అంటారు. గాలం పట్టేవాళ్లను అడిగితే, చేపలకు దారులేసిందీ ఆయనే. జూన్‌లో కాలవలకు నీరు వదిలి, నాలుగు వానలు పడ్డాయంటే వాలుగ గుడ్లు పెట్టే కాలం వచ్చినట్టే. ఆ తర్వాత గోదారికి ఎర్రనీరు దిగుతుంది. వరద తీశాక లంకల్లో మిగిలిపోయిన మడుగుల్లోనూ ఇది దొరుకుతుంది. వరద మీదున్నప్పుడు మాత్రం బుద్ధున్నవాడెవడూ ఏటిగట్టు దిగడు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో అక్కడ ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది.

వాలుగ ఒంటికి పొలుసుండదు, జిగురుంటుంది. మీటరు దాటి పెరుగుతుంది. కంటి వెనక దాకా చీలిన నోరు, నోటి దగ్గర రెండు జతల మీసాలు. పైజత ఎంత పొడవంటే, వెనక్కి వాలిస్తే పొట్ట దాటిపోతుంది. పగలు గట్టు వారల నీడల్లో నక్కి, చీకటి పడ్డాక ఆ మీసాలతో తడుముకుంటూ వేటకు బయల్దేరుతుంది. అందుకే మనిషి కూడా రాత్రే గాలం వేయాలి. అమావాస్య దగ్గరపడే రోజుల్లో, సన్నగా ముసురు పట్టి ఉంటే మరీ మంచిదంటారు.

సరంజామా సాయంత్రమే సిద్ధమవుతుంది. పిల్లలు పెంట పోగుల పక్కన తవ్వి ఎర్రలు ఏరుతారు. అవి జెల్లలకు పనికొస్తాయి. పెద్ద వాలుగకు కదిలే ఎర కావాలి: పరిగె, మట్టగిడస పిల్ల, కాకపోతే కప్ప. ఎర గుచ్చడంలోనే పనితనమంతా ఉంది. వీపు రెక్కకు కాస్త కింద, నడిముల్లుకు తగలకుండా తోలులోంచి పైపైన గాలం దూర్చాలి. లోతుగా గుచ్చితే ఎర నిమిషాల్లో చస్తుంది, చచ్చినదాన్ని వాలుగ ఓ పట్టాన ముట్టదు. గాలానికీ నైలాన్ దారానికీ నడుమ జానెడు ఇనుప తీగ కడతారు. వాలుగ దవడల నిండా ఆకురాయిలా గరుకైన పళ్లు, ఉత్త దారమైతే నలిగి తెగిపోతుంది. దారం రెండో కొసను గట్టు మీద పాతిన గుంజకు బిగించి, దానికో మువ్వ కడతారు.

ఆ తర్వాత ఎదురుచూపే. పెరుగన్నం, ఆవకాయ, దోమలు, అమ్మమ్మ కబుర్లు. టార్చిలైటు నీళ్ల మీద వేస్తే మాత్రం ఎవరైనా సరే తిట్లు తినాల్సిందే.

జెల్ల తగిలితే దారం టకటకా కొట్టుకుంటుంది. వాలుగ అలా కాదు. ఎరను కరుచుకుని నిదానంగా పక్కకు జరిగి, కొంత దూరం పోయాక మింగుతుంది. మువ్వ ఒక్కసారి మోగగానే మనవడు దారం మీద చెయ్యి వేస్తాడు. "ఆగరా అబ్బాయ్, మింగనీ" అంటాడు తాత. ఎంతసేపు ఆగాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. దారం వేళ్ల మధ్య బరువెక్కడం తెలియాలి, అది పక్కన కూర్చుంటేనే అబ్బుతుంది. ఈ వేటను కుటుంబంతో చేయడంలో ఉన్న అసలు లాభం అదే.

ఒడ్డుకు లాగాక నోట్లో చెయ్యి పెట్టరు, గోనెపట్టా వేసి అదుముతారు. చీకట్లో గాలానికి ఇంగిలాయి చేప తగిలితే ఇంకా జాగ్రత్త. దాని రెక్క ముల్లులో విషముంటుంది. పొడిచిన చోటును ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచితే నొప్పి తగ్గుతుంది.

వాలుగ ఇప్పుడు మునుపటంత లేదు. ప్రకృతి పరిరక్షణ రంగంలో పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పున్న జాతుల్లో చేర్చింది. మన కాలవల్ని గుర్రపుడెక్క కమ్మేసింది, మురుగు కాలవల్లో చెరువుల నుంచి వదిలిన నీరు చేరుతోంది. అన్నిటికన్నా పాపం, నీళ్లలో కరెంటు పెట్టి పట్టడం. గాలానికి ఒక్క చేప పడితే, కరెంటుకు పిల్లాపెద్దా అన్నీ పోతాయి. అది వేట అనిపించుకోదు.

పైగా ఆఫ్రికా క్యాట్‌ఫిష్ బెడద. దేశంలో 2000 సంవత్సరంలోనే దీని పెంపకాన్ని నిషేధించినా, దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. చెరువు దాటి కాలవలో పడిందంటే మన చేపల్ని తినేస్తుంది. బజారులో వాలుగ పేరుతో అంటగడితే మీసాలు లెక్కపెట్టండి. వాలుగకు రెండు జతలు, దానికి నాలుగు. మన మార్పు చేపకూ నాలుగే, కాబట్టి మార్పు కొనేవాళ్లకు ఈ చిట్కా పనికిరాదు.

ఇక ఇంట్లో పని ఆడవాళ్లది. ఒంటికి బూడిద రాసి, గరుకు బండకేసి రుద్దితేగానీ జిగురు వదలదు. మెత్తటి మాంసం, గరిటె పెడితే చితికిపోతుంది. అందుకని చింతపండు పులుసు ఉడుకుతున్నంతసేపూ మట్టి దాకను గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. సన్నముళ్ల బెడద పెద్దగా లేదు కనుక చంటిపిల్లలకు నడిముల్లు తీసి పెడితే చాలు. తలకాయ ముక్క మాత్రం దారం లాగినవాడిదే, తాత అడిగినా సరే.