ఐదేసి సార్లు, మూడు సెట్లు

2011 సెప్టెంబరులో రీబాక్ కంపెనీ అమెరికా ప్రభుత్వంతో రాజీపడి రెండున్నర కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఈజీటోన్ అనే బూట్లు తొడుక్కుని నడిస్తే చాలు, మామూలు బూట్లతో పోలిస్తే పిరుదుల కండరాలు 28 శాతం ఎక్కువ గట్టిపడతాయని ఆ కంపెనీ ప్రకటనల్లో చెప్పుకుంది. ఆ అంకెకు ఆధారం లేదన్నది ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణ. మరుసటి ఏడాది ఇలాంటి బూట్ల గొడవలోనే స్కెచర్స్ కంపెనీ నాలుగు కోట్ల డాలర్లు కట్టుకుంది. అదే 2011లో టెక్సాస్ రాష్ట్రం విచిటా ఫాల్స్ అనే ఊరి నుంచి ఒక పుస్తకం మూడో కూర్పు వెలువడింది. పేరు స్టార్టింగ్ స్ట్రెంగ్త్. నడిస్తే చాలనే మాట అందులో ఎక్కడా లేదు. బరువులెత్తాలి, ఎత్తే బరువు పెంచుకుంటూ పోవాలి. చెప్పేది అంతే.

రాసినవాడు మార్క్ రిప్పెటో. చదివింది పెట్రోలియం భూగర్భశాస్త్రం. 1984 నుంచి ఆ ఊళ్ళో జిమ్ము నడుపుతున్నాడు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో తానూ బరువులెత్తాడు. పుస్తకం మొదటి కూర్పు 2005లో, రెండోది 2007లో వచ్చాయి. ఆ రెండింటికీ లాన్ కిల్గోర్ సహరచయిత. వ్యాయామం మీద వచ్చిన పుస్తకాలు నేను చాలానే తిరగేశాను. ఎక్కువ భాగం బొమ్మల పుస్తకాలు, తక్కినవి ఉపదేశాలు. పనిముట్టులా అమర్చిన పుస్తకం మాత్రం నాకు ఇదొక్కటే కనిపించింది.

ఇందులో ప్రధానంగా నేర్పేవి ఐదే వ్యాయామాలు. రాడ్డు వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం స్క్వాట్. నిలబడి భుజాల మీది రాడ్డును తలపైకి ఎత్తడం ప్రెస్. బల్ల మీద వెల్లకిలా పడుకుని నెట్టడం బెంచ్ ప్రెస్. నేల మీది రాడ్డును పట్టుకుని నిటారుగా లేచి నిలబడటం డెడ్‌లిఫ్ట్. అదే రాడ్డును నేల నుంచి ఒక్క ఊపున భుజాల మీదికి తెచ్చుకోవడం పవర్ క్లీన్. వారానికి మూడు రోజులు, నడుమ ఒక రోజు విరామం. స్క్వాట్ ప్రతిసారీ ఉంటుంది. ప్రెస్, బెంచ్ ప్రెస్ వంతులవారీగా వస్తాయి. పవర్ క్లీన్ తప్ప తక్కినవి ఐదేసి సార్లు చొప్పున మూడు సెట్లు. డెడ్‌లిఫ్ట్ ఒళ్ళు బాగా అలసిపోయే పని కనక దానికి ఒక్కటే సెట్టు. మన జిమ్ముల్లో సోమవారం ఛాతీకి, మంగళవారం వీపుకి, బుధవారం భుజాలకి అని రోజులు పంచుతారు కదా, ఆ పంపకం ఇక్కడ లేదు.

ఇక లెక్క. స్క్వాట్ 30 కిలోలతో మొదలుపెట్టారనుకోండి. వెళ్ళిన ప్రతిసారీ రెండున్నర కిలోలు కలిపితే ఎనిమిది వారాల్లో, అంటే 24వ సారికి, రాడ్డు 87.5 కిలోలకు చేరుతుంది. ఇదే వరసలో ఆర్నెల్లు పోతే 222.5 కిలోలు రావాలి. రావు. ఆ సంగతి రిప్పెటోకీ తెలుసు. అందుకే కొత్తవాడంటే ఎవరో ముందే తేల్చి పెట్టుకున్నాడు. ఒకసారి చేసిన శ్రమ నుంచి రెండు మూడు రోజుల్లో కోలుకుని, మరుసటిసారి అంతకన్నా ఎక్కువ ఎత్తగలిగేవాడు కొత్తవాడు. వయసుతో, ఒంటి బరువుతో, జిమ్ములో గడిపిన సంవత్సరాలతో నిమిత్తం లేదు. పదేళ్ళుగా జిమ్ముకి వెళుతున్నవాళ్ళలో కూడా ఈ లెక్కన కొత్తవాళ్ళే ఎక్కువమంది. ఆ రకంగా కోలుకోవడం ఆగిపోయిన రోజున ఈ పద్ధతి పని అయిపోయింది. తర్వాతి దశకు వేరే లెక్క కావాలి, దానికి ఆయనే వేరే పుస్తకం రాశాడు. తన పని ఎక్కడ ముగుస్తుందో ముందే చెప్పే వ్యాయామ పద్ధతులు అరుదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది మార్పును ఒక్కచోటికి కట్టడి చేసిన తీరు. వ్యాయామాలు మారవు. ఐదేసి అన్న సంఖ్య మారదు. మారేది రాడ్డు మీది బరువొక్కటే. కాబట్టి ఒకరోజు బరువు లేవలేదంటే కారణం వెతకడానికి చోట్లు కొద్దిగానే ఉంటాయి. సెట్టుకీ సెట్టుకీ మధ్య సరిగా ఆగారా, తిండీ నిద్రా చాలినంత ఉన్నాయా, బరువు ఒకేసారి మరీ ఎక్కువ పెంచారా అని చూసుకుంటే సరిపోతుంది. చేతిలో నోటుబుక్కు ఉంటే పద్ధతి పనిచేస్తున్నదీ లేనిదీ నాలుగు వారాల్లో తేలిపోతుంది. రోజుకో రకం కసరత్తు చేయాలి, కండరాలను అలవాటు పడనీయకూడదు అనే ప్రచారం దీనికి సరిగ్గా ఎదురు. అన్నీ మారుతున్నప్పుడు ఏది పనిచేసిందో ఎవరికి తెలుస్తుంది? చెమట పట్టిందనీ, మర్నాడు ఒళ్ళు నొప్పులు పుట్టాయనీ తెలుస్తుంది. ఆ రెండూ తోట తవ్వినా దొరుకుతాయి. పొద్దున్నే టీవీలో అమ్మే చెమట బెల్టులకీ, పొట్ట తగ్గించే యంత్రాలకీ ఇన్నాళ్ళు గిరాకీ ఉండటానికి కారణం వాటిని పరీక్షించే కొలత ఏదీ కొన్నవాళ్ళ చేతిలో లేకపోవడమే.

పుస్తకంలో పనితనం పతాకస్థాయిలో ఉన్న చోటు డెడ్‌లిఫ్ట్ నేర్పే ఐదు మెట్లు. నేల మీద ఉన్న బరువును ఎత్తడం ఎవరికైనా వచ్చినట్టే ఉంటుంది. కానీ కొత్తవాడి చేతికి రాడ్డు ఇస్తే ముందు పిరుదులు కిందికి దింపుతాడు, మోకాళ్ళు ముందుకొస్తాయి, రాడ్డు దూరంగా దొర్లుతుంది, ఆపైన వీపు వంచి లాగుతాడు. దీన్ని మాటలతో సరిచేయబోతే ట్రైనరు ఒకే ఊపిరిలో పది హెచ్చరికలు అరవాల్సి వస్తుంది. రిప్పెటో అరుపులు మాని వరస మార్చాడు.

మొదటి మెట్టు: రాడ్డు దగ్గరికి వెళ్ళి, అది సరిగ్గా పాదం మధ్యకు పైన ఉండేలా నిలబడాలి. పాదం అంటే బూటు మొన నుంచి మడమ దాకా, కంటికి ముందు కనిపించేంత మేరే కాదు. అలా నిలబడితే పిక్క ముందు ఎముకకీ రాడ్డుకీ మధ్య అంగుళం దూరం ఉంటుంది. రెండో మెట్టు: నడుము దగ్గర వంగి, రాడ్డు కదలకుండా, కాళ్ళకు కాస్త ఎడంగా పట్టుకోవాలి. మూడోది: ఆ ఎముక రాడ్డుకు తగిలేదాకా మోకాళ్ళు వంచాలి. తగలగానే ఆగాలి. పిరుదులు ఇంకొంచెం కూడా దిగకూడదు. నాలుగోది: ఛాతీ పైకి తీయాలి. దాంతో వీపు దానంతటదే తిన్నగా బిగుస్తుంది. ఐదోది: ఊపిరి పీల్చి బిగబట్టి, రాడ్డును కాళ్ళకు రాసుకుంటూ పైకి లాగాలి.

ఈ వరస వెనక ఉన్నది సూటి యాంత్రికశాస్త్రం. రాడ్డూ మనిషీ కలిసి ఒకటిగా కదులుతున్నప్పుడు ఆ మొత్తం బరువు పాదం మధ్య మీద నిలవాలి. రాడ్డు అక్కడి నుంచి ముందుకు జరిగినకొద్దీ అదే బరువు నడుము మీద ఎక్కువ భారమై పడుతుంది. కాబట్టి రాడ్డు పాదం మధ్య నుంచి నిలువుగీతలో పైకి పోవాలి. ఇంతవరకు పుస్తకాల్లో చదివినవాళ్ళు చాలామందే చెప్పగలరు. రిప్పెటో నేర్పు ఏమిటంటే, ఈ సూత్రాన్ని అద్దం అక్కర్లేకుండా, పక్కన ఎవరూ చూడకుండా, ఒంటితోనే పోల్చుకునేలా మలచడం. మొదటి మెట్టుకు కన్ను సాక్షి. రెండోదానికి చెయ్యి సాక్షి, రాడ్డు కదిలితే తెలుస్తుంది. మూడోదానికి ఎముకకు తగిలే చల్లని ఇనుము. ఐదోదానికి కాలి మీద రాడ్డు జారుతున్న స్పర్శ. గురుతు లేనిది నాలుగోది ఒక్కటే. అందుకే అందరూ తప్పేదీ అక్కడే, ఆయన ఎక్కువ మాటలు ఖర్చుపెట్టిందీ అక్కడే. పైగా మూడో మెట్టు తర్వాత పిరుదులు దించవద్దన్న ఒక్క నిషేధంతో కొత్తవాడి నాలుగు తప్పులూ పుట్టకముందే పోతాయి. మార్కెట్ యార్డులో బస్తాలెత్తే హమాలీకి ఏళ్ళ తరబడి పని చేస్తే గాని ఒంటబట్టని సంగతులు కొన్ని ఈ ఐదు వాక్యాల్లో ఉన్నాయి.

స్క్వాట్ అధ్యాయం పదుల పేజీలు సాగుతుంది. అందులో కూర్చునే లోతు గురించి ఆయన పడే తాపత్రయం మనకు కాస్త వింతగా ఉంటుంది. తొడ మడత మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాలంటాడు. పుట్టినప్పటి నుంచి కుర్చీల్లో పెరిగిన అమెరికన్లకు అది చెప్పాల్సిన మాటే. నేల మీద కూర్చుని భోంచేసి, కల్లాపి చల్లి, నాట్లు వేసి పెరిగిన మన పెద్దవాళ్ళకు ఆ లోతు అలవాటే. బడిలో గుంజీళ్ళు తీసిన మన తరానికి కూడా కొంత మిగిలింది. రాడ్డును మెడ మొదట్లో కాకుండా భుజపు ఎముక గట్టు కిందికి దించి పెట్టుకోవాలన్న ఆయన పట్టుదలతో మాత్రం నేను ఏకీభవించను. ఎక్కువ కండరాలు పనిలోకి వస్తాయి, ఎక్కువ బరువు లేస్తుంది అన్న ఆయన వాదన సరైనదే. అయితే ఒలింపిక్ శైలి లిఫ్టర్లు రాడ్డు పైనే పెట్టుకుని తరాల తరబడి కాళ్ళు పెంచుకున్నారు. భుజాలు బిగుసుకున్న నడివయసు మనిషి ఏది సుఖంగా ఉంటే అది ఎంచుకోవచ్చు.

ఇదంతా రిప్పెటో కనిపెట్టాడని అనుకోనక్కర్లేదు. ఆయనా అనడు. రెండో ప్రపంచయుద్ధం చివర షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు నెలల తరబడి మంచాలు ఖాళీ చేయలేకపోతున్నప్పుడు, థామస్ డెలోర్మ్ అనే యువ డాక్టరు వాళ్ళ పాదాలకు ఇనుప బూట్లు కట్టి, బరువు క్రమంగా పెంచుతూ కాళ్ళు చాపించాడు. తేలిక బరువు ఎక్కువసార్లు అన్న అప్పటి ఆనవాయితీని తిరగేశాడు. 1945లో ఆ ఫలితాలు ప్రచురించాడు. 1948 నాటికి మూడు సెట్లు చాలునని తేల్చాడు. తర్వాత బిల్ స్టార్ అనే లిఫ్టరు ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం 1976లో రాసిన పుస్తకంలో మూడే వ్యాయామాలు, ఐదేసి సార్లు, ఐదు సెట్లు అన్నాడు. రిప్పెటో స్టార్ దగ్గర నేర్చుకున్నవాడు. పదిసార్లు చేస్తే బలానికన్నా ముందు ఊపిరి అయిపోయి ఒడుపు చెడుతుంది. ఒకటి రెండుసార్లయితే కొత్తవాడికి సాధన చాలదు. నడుమ ఐదు కుదిరింది.

ఇది కుర్రాళ్ళ వ్యవహారమేనని అనుకునేవాళ్ళ కోసం ఒక్క మాట. 1990లో బోస్టన్ వైద్యులు తొంభై ఏళ్ళ వృద్ధులతో వారానికి మూడుసార్లు, ఎనిమిదేసి సార్లు మూడు సెట్లు, భారీ బరువుతోనే కాళ్ళ వ్యాయామం చేయించారు. ఎనిమిది వారాలకు కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. బీపీ, గుండె జబ్బు, పాత దెబ్బలు ఉన్నవాళ్ళు మొదలుపెట్టే ముందు డాక్టరుతో మాట్లాడాలి. ఊపిరి బిగబట్టే విషయం ప్రత్యేకించి అడగాలి.

మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు ఉన్నాయి కదా, ఇదెందుకు అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్న. బస్కీ కూడా స్క్వాటే. కాకపోతే ఎత్తేది సొంత ఒళ్ళు కనక పెంచగలిగేది సంఖ్యే. వంద బస్కీలు రెండు వందలైతే ఓపిక పెరుగుతుంది, బలం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. రాడ్డుకు ఆ హద్దు లేదు. ఖాళీగా 20 కిలోలుంటుంది, ఎంతైనా తగిలించుకోవచ్చు.

పుస్తకంలో లోపాలూ ఉన్నాయి. గొంతు కరుకు. తనలా ఆలోచించని ట్రైనర్ల మీద, డాక్టర్ల మీద విసుర్లు ఎక్కువ, రెండో సారి చదివేటప్పుడు అవి విసుగు పుట్టిస్తాయి. బక్కపలచని కుర్రాళ్ళకు ఆయన ఇచ్చే సలహా రోజుకు గాలను పాలు, అంటే మూడుముప్పావు లీటర్లకు పైమాటే. ఆ పాలబిల్లు కట్టే తండ్రి మన ఊళ్ళలో ఎంతమంది? అన్నం తగ్గించి గుడ్లు, పెరుగు, పప్పు, చేపలు పెంచుకుంటే మనకు సరిపోతుంది. ఇక పవర్ క్లీన్ అధ్యాయం. వేగంగా జరిగే పనిని అక్షరాల్లో నిలబెట్టబోయి ఆయన చేతులెత్తేసినట్టే అనిపిస్తుంది. అది చదివేకన్నా 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 130 కిలోలు క్లీన్ అండ్ జెర్క్ చేసిన దృశ్యం చూడటం మేలు. ఆమె పూర్తిగా కూర్చుని అందుకుంటుంది, పవర్ క్లీన్‌లో అంత దిగరు. అయినా రాడ్డు ఒంటిని విడవకుండా పైకి రావడమంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. నన్నడిగితే, నేర్పేవాళ్ళు దగ్గర లేనివాళ్ళు పవర్ క్లీన్ వదిలేసి మిగతా నాలుగూ చేసుకోవచ్చు.

మన దగ్గర ఈ పద్ధతికి అసలు అడ్డంకి పరికరాలు. చిన్న ఊళ్ళ జిమ్ముల్లో ట్రెడ్‌మిల్లులు వరసగా ఉంటాయి, స్క్వాట్ ర్యాక్ ఉండదు. ఉన్నా పట్టాల మధ్య కదిలే రాడ్డుంటుంది. దాంతో బరువును నిలబెట్టే పని యంత్రం చేసేస్తుంది, మీరు చేయాల్సిన సగం పని పోతుంది. చిన్న ప్లేట్లు చాలా చోట్ల కనబడవు. ఇరువైపులా రెండున్నర కిలోల ప్లేట్లే ఉంటే ఒక్కసారికి ఐదు కిలోలు పెంచాలి. ప్రెస్‌లో అది ఎవరివల్లా కాదు, మూడో వారానికే ఆగిపోతారు. ఆగిపోయి, పద్ధతి మంచిది కాదని మరో కొత్తదాని వెంట పడతారు. కాబట్టి మీరు చేరబోయే జిమ్ములో ఏసీ ఉందా, పాటలు పెడతారా అని కాకుండా, విడి ర్యాక్ ఉందా అని అడగండి. కిలోంపావు ప్లేట్లు ఒక జత తెప్పించమని యజమానిని పట్టుబట్టి అడగండి. తెప్పించకపోతే మీరే కొని సంచిలో వేసుకెళ్ళండి, ఒక నెల మెంబర్‌షిప్ కన్నా తక్కువకే వస్తాయి.